నల్లని తెర – మన కర్తవ్యం

తాటాకు నుండి కాగితానికి, కాగితం నుండి నల్లబల్లకు, నల్లబల్ల నుండి లాప్‌టాప్ తెరకు విద్య ప్రయాణించింది. 2020 మార్చిలో దేశమంతటా విద్యాలయాలు మూతపడినప్పుడు, ఆ తెరమీది పాఠాన్ని రికార్డు చేసి విద్యార్థులకు అందజేయవలసిన అగత్యం అధ్యాపకులకు ఏర్పడింది. తరగతులు తిరిగి తెరచుకొన్న తరువాత కూడ ఆ అగత్యం తీరిపోలేదు. నాగాయలంక నుండియో, కోడూరు నుండియో మచిలీపట్నం వచ్చి చదువుకొనే విద్యార్థికి తుఫాను హెచ్చరిక వెలువడిన నాడు తరగతి అందదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూచిన దివిసీమకు అట్టి హెచ్చరికల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆనాడు ఫోనులో దాచుకొన్న పాఠమే ఆ విద్యార్థికి తరగతి.

కాని, గంటసేపు శ్రమించి చెప్పిన పాఠాన్ని తిరిగి చూచుకొంటే, కంఠం వినవస్తుంది. తెర మాత్రం కాటుక పూసినట్లుంటుంది. వెంటనే యంత్రం చెడిపోయిందని కొందరు తలుస్తారు. ఇది తమకు అచ్చిరాలేదని మరికొందరు ఆ ప్రయత్నమే విరమిస్తారు. ఈ రెండూ తగవని నా అభిప్రాయం. పెడనలో కలంకారీ అద్దే పనివాడు, గుడ్డపై ఎరుపు పట్టకపోతే అచ్చును పారవేయడు. కరక్కాయ సరిగా పట్టిందా, పటిక సరిపోయిందా అని ఒక్కొక్కటే పరీక్షిస్తాడు. ఆ ఓర్పే ఇక్కడ కూడ కావలసియున్నది.

మొదట చూడవలసినది, నలుపు ఎంత మేర ఉన్నదన్న విషయం. తెర యావత్తూ నల్లగా ఉంటే, అది చాలవరకు యంత్రంలోని పొరపొచ్చెమే. అనేక లాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ విభాగాలుంటాయి. తెరను ఒకటి నడుపుతుండగా, ఓ.బి.ఎస్. స్టూడియో వంటి రికార్డింగు ప్రోగ్రాము రెండవదానిపై నడిస్తే, దానికి తెర కనబడదు. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అనే వరుసలో వెళ్లి, ఆ ప్రోగ్రామును ‘పవర్ సేవింగ్’ వైపు మార్చి, మూసి తిరిగి తెరిస్తే తరచుగా చిక్కు విడిపోతుంది. బ్రౌజరు కిటికీ ఒక్కటే నల్లబడితే, ఆ బ్రౌజరులో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి చూడవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో ఏది ఫలించినదో తెలియదు.

రెండవది అనుమతి. మాక్ యంత్రాలలో 2019 నుండి, యజమాని ప్రైవసీ సెట్టింగ్స్‌లో ప్రత్యేకముగా అనుమతించనిదే బయటి ప్రోగ్రాములు సాధారణంగా తెరను రికార్డు చేయజాలవు. ఇది దోషం కాదు, కాపలా. ఇంటివారు తలుపు తీస్తే సరిపోతుంది.

మూడవది తాళం. తక్కిన తెర అంతా చక్కగా వచ్చి, సినిమా చూపే భాగం మాత్రమే నల్లబడితే, ఆ చిత్రాన్ని పంపిణీ చేసేవారు ప్రతులు తీయకుండ రక్షణ ఏర్పరచినారన్న మాట. పరుల శ్రమఫలాన్ని కాపాడవలసిందే. అందులో సందేహం లేదు. అయితే, బోధనలో భాగంగా గురువుగాని శిష్యుడుగాని ఒక రచనను ప్రతి తీసుకొనుటకు 1957 నాటి మన కాపీరైటు చట్టం 52వ సెక్షను వెసులుబాటు కల్పించింది. 2012లో చేర్చిన 65ఎ సెక్షను కూడ, హక్కులను భంగపరచే ఉద్దేశంతో తాళం విప్పినవారినే శిక్షార్హులను చేసింది. దొంగకూ గురువుకూ గల భేదం చట్టానికి తెలుసు, తాళానికి తెలియదు. పాఠానికి కావలసిన కొద్దిపాటి భాగాన్ని విద్యాసంస్థలకు సులభంగా అందజేసే మార్గాన్ని పంపిణీదారులే కల్పించుట న్యాయం.

ఈ సంగతులు కంప్యూటరు శాఖకు మాత్రమే సంబంధించినవని భావించరాదు. ఆంగ్లంలో రికార్డు చేసిన పాఠాలకు కొదువ లేదు. ఒకటి పోతే పది దొరుకుతాయి. తెలుగులో అంతటి సమృద్ధి లేదు, ఉర్దూలో మరీ తక్కువ. మన సంచికలో ఉర్దూ పుటలు ఒక వైపు నుండి, తెలుగు పుటలు మరొక వైపు నుండి ప్రారంభమై మధ్యలో కలుసుకొంటాయి. ఆ రెండు భాషలలోనూ చెప్పిన పాఠం నల్లతెర పాలైనచో, దాని స్థానాన్ని పూరించే పాఠం మరొకటి వెదకినా దొరకకపోవచ్చును.

కావున, పైన చెప్పిన మూడు పరీక్షలను ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక్క పుటలో వ్రాసి ప్రతి కళాశాల ప్రయోగశాల గోడపై అంటించవలెను. గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా పాఠం ఆరంభించే ముందు పది సెకండ్లు రికార్డు చేసి చూచుకొనే అలవాటును అధ్యాపకులు అలవరచుకొనవలెను. దీనికి నిధులు అక్కరలేదు. ఎవరి అనుమతికీ వేచియుండనక్కరలేదు. కావలసినది ఒక కాగితమూ, కొంచెం శ్రద్ధా మాత్రమే.