నల్లటి అద్దాన్ని నమ్మి బండెక్కకండి

చైత్రం వచ్చిందంటే కోల్‌కతాలో గరియాహాట్, ఎస్ప్లనేడ్, న్యూ మార్కెట్ పేవ్‌మెంట్లు చైత్ర సేల్‌తో కిక్కిరిసిపోతాయి. బట్టల కుప్పల పక్కనే చలవ కళ్ళజోళ్ళ బల్లలుంటాయి. కొనేవాళ్ళలో చాలామంది చూసేది రెండే: ముఖానికి నప్పిందా, అద్దం బాగా నల్లగా ఉందా. ఆ జోడుతోనే సాయంత్రం స్కూటరెక్కి ఇంటికి బయల్దేరతారు. టీటాగఢ్ మిల్లు లైన్లలో, గార్డెన్ రీచ్ రైల్వే క్వార్టర్లలో ఉన్న మనవాళ్ళూ, చదువులకీ ఉద్యోగాలకీ కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలూ ఇందుకు మినహాయింపు కాదు. ఈ అలవాటు ప్రాణం మీదకు తెస్తుంది.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. అద్దం నలుపుకీ అతినీలలోహిత కిరణాల్ని ఆపే శక్తికీ సంబంధం లేదు. ఆ కిరణాల్ని ఆపని ముదురు అద్దం అసలు అద్దం లేకపోవడం కన్నా చెరుపు చేయగలదు. చీకటిగా ఉందనుకుని కనుపాప విప్పారుతుంది, కళ్ళు చికిలించడం మానేస్తాం, తలుపు తీసినట్టు కిరణాలు లోపలికి పోతాయి. ఏళ్ళ తరబడి అలా పోతే శుక్లాలు తొందరగా రావచ్చు, తెల్లగుడ్డు మీద కండ పెరగవచ్చు. చవకదంతా చెడ్డదనీ, ఖరీదైనదంతా మంచిదనీ కూడా అనుకోకండి. పాలీకార్బొనేట్ అద్దం ఏ రంగూ లేకుండానే ఈ కిరణాల్ని చాలావరకు ఆపుతుంది. చాలా కళ్ళద్దాల షాపుల్లో ఈ ఆపే శక్తిని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. 'యూవీ 400' అన్న స్టిక్కర్‌ని నమ్మకుండా అద్దాన్ని ఆ మీటరు మీద పెట్టి చూపించమనండి.

ఇక నలుపు సంగతి. ఎంత వెలుతురు దాటనిస్తుందో దాన్నిబట్టి అద్దాలకు 0 నుంచి 4 దాకా తరగతులున్నాయి. రెండో తరగతి 18 నుంచి 43 శాతం వెలుతురు రానిస్తుంది, మూడోది 8 నుంచి 18 శాతం, నాలుగోది 3 నుంచి 8 శాతం మాత్రమే. నాలుగో తరగతి అద్దంతో ఏ వేళలోనూ బండి నడపకూడదని అంతర్జాతీయ ప్రమాణమే చెబుతోంది. అది మంచుకొండలకు, ఎత్తైన చోట్లకు తగినది. డార్జిలింగ్ కొండల్లోని సందక్‌ఫూ 3,636 మీటర్ల ఎత్తున ఉంది. అలాంటి చోట పడిన తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి కళ్ళలోకి కొడుతుంది. దీఘా సముద్రతీరపు ఇసుక కొట్టేది 15 శాతమే. డార్జిలింగ్ ప్రయాణానికి కొన్న జోడును బడాబజార్ సందుల్లో పెట్టుకుని తిరిగితే ఎదురొచ్చే తోపుడుబండి కూడా ఆనదు.

మైదాన్‌లో, రెడ్ రోడ్ మీద మిట్టమధ్యాహ్నం మూడో తరగతి అద్దం సరైనదే. భయమంతా కాలబైశాఖి గురించి. మార్చి నుంచి మే దాకా, సాధారణంగా సాయంత్రం పూట, వాయవ్యం నుంచి వచ్చిపడే ఈ గాలివాన నిమిషాల్లో ఆకాశాన్ని నల్లబరుస్తుంది. దుమ్ము లేస్తుంది, వెంటనే వాన. 'మా' అనే పేరున్న ఫ్లైఓవర్ మీద మధ్యలో ఉన్నవాడికి పక్కకి ఆగడానికి చోటుండదు. కళ్ళకి నల్లద్దం, దాని మీద హెల్మెట్‌కి ముదురు వైజర్ ఉంటే ఒక చీకటి మీద మరో చీకటి కప్పినట్టే. కారులోనూ ఇదే లెక్క. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తీయించినప్పుడు గుర్తుచేసిన నిబంధన ప్రకారం ముందు అద్దం కనీసం 70 శాతం వెలుతురు దాటనివ్వాలి. అంతే దాటనిచ్చే అద్దం వెనక 12 శాతం జోడు పెట్టుకుంటే కంటికి చేరేది 8 శాతమే.

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు మరొకటి గమనించాలి. ఏప్రిల్ నడుమ అక్కడ సూర్యాస్తమయం ఆరున్నరకి, ఇక్కడ ఆరు కాకముందే. 75 శాతం కన్నా తక్కువ వెలుతురు దాటనిచ్చే ఏ అద్దమూ మునిమాపు నుంచీ డ్రైవింగ్‌కి పనికిరాదు. 'నైట్ డ్రైవింగ్' పేరుతో అమ్మే పసుపు అద్దాల్నీ నమ్మకండి. 2019లో జామా ఆఫ్తాల్మాలజీ పత్రికలో వచ్చిన పరిశోధనలో, రాత్రిపూట పాదచారుల్ని పోల్చుకోవడానికి అవి ఏమాత్రం సాయపడలేదని తేలింది.

పవర్ ఉన్న అద్దాలకే ముదురు రంగు వేయించుకున్నవాళ్ళది అందరికన్నా కష్టం. తీస్తే కనబడదు, పెట్టుకుంటే చీకటి. వీళ్ళు రంగులేని రెండో జోడు లేకుండా గడప దాటకూడదు. ఎండకి నల్లబడి నీడలో తేటపడే ఫోటోక్రోమిక్ అద్దాలూ గాలివానతో సమానంగా పరుగెత్తలేవు, తేటపడటానికి వాటికి నిమిషాలు పడుతుంది.

రంగు విషయంలో బూడిదరంగు అన్నిటికన్నా నమ్మదగినది, సిగ్నల్ లైట్ల రంగులు దానిలో మారవు. గోధుమరంగు మసకలో అంచుల్ని తేటగా చూపుతుంది. నీలం, గులాబీ, ఎరుపు అద్దాలు బండి మీద వద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్ళకు అవి మరీ ప్రమాదం. హుగ్లీ మీద పడవ నడిపేవాళ్ళకు, 'భేరీ' అనే చేపల చెరువుల్లో వల వేసేవాళ్ళకు నీటి తళుకుని కోసేసే పోలరైజ్డ్ అద్దాలు ఎంతో మేలు. డెలివరీ కుర్రాళ్ళు మాత్రం కొనేముందు వాటిలోంచి తమ ఫోన్‌ని అడ్డంగా, నిలువుగా తిప్పి చూడాలి. ఒక్కో కోణంలో తెర నల్లగా అయిపోయి మ్యాప్ మాయమవుతుంది.

పిల్లలకు బొమ్మ కళ్ళజోళ్ళు కొనకండి. పెద్దల కంటికన్నా వాళ్ళ కంటిలోకి అతినీలలోహిత కిరణాలు ఎక్కువ లోతుకి పోతాయి.

ఈ వారమే ఇంట్లో ఉన్న జోళ్ళన్నీ బయటికి తీయండి. చెవికి తగిలించే కాడ లోపలివైపు తరగతి అంకె ఉందేమో చూడండి, లేకపోతే షాపులో కొలిపించండి. చూపు మీద అనుమానముంటే కాలేజ్ స్ట్రీట్ మెడికల్ కాలేజీ ఆవరణలో ఉన్న రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీకి వెళ్ళండి, అది ప్రభుత్వ ఆస్పత్రి. బండి మీద ఉండగా వాయవ్యాన మబ్బు కమ్మడం కనిపిస్తే, ఫ్లైఓవర్ ఎక్కకముందే ఆగి నల్లద్దాలు తీసేయండి.