గుంత గుట్టలా కనిపిస్తే ఉద్యోగం ఎవరిస్తారు?

రెజ్యూమెలో 'కంప్యూటర్ విజన్' అని రాసుకున్నారా? అయితే ఒక ప్రశ్న. ఒకే బొగ్గు గనికి పక్కపక్క నుంచి తీసిన రెండు ఫొటోలిచ్చి లోతు చెప్పమంటే, సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఏం చూస్తారు? కరీంనగర్, ఆదిలాబాద్ విద్యార్థులను అడిగితే చాలామంది టూల్ పేరు చెప్పి ఆగిపోతున్నారు.

నన్నడిగితే దీనికి మంచి గురువు పాత ఫిల్మ్ పనే. సోవియట్ కాలంలో స్పుత్నిక్ అని ఒక కెమెరా ఉండేది. రెండు లెన్సులతో 120 రీలు మీద ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి ఫొటో తీసేది. అందులో స్లైడ్ ఫిల్మ్ వేస్తే వచ్చే ఒరిజినల్ ఒక్కటే. గీతలు పడితే పోయినట్టే. అందుకే దాన్ని మళ్లీ ఫిల్మ్ మీదికే నకలు తీస్తారు.

ఆ పని చూడండి. స్లైడ్ వెనక సమానమైన వెలుగు, ముందు బెలోస్‌కు బిగించిన లెన్స్. సైజుకు సైజు తీసేటప్పుడు ఎఫ్/8 పెట్టినా అది ఎఫ్/16లా పని చేస్తుంది, ఎక్స్‌పోజర్ నాలుగింతలు ఇవ్వాలి. ఎందుకో ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్‌తోనే చెప్పొచ్చు, ప్రయత్నించండి. మామూలు స్లైడ్ ఫిల్మ్ వాడితే కాంట్రాస్ట్ పెరిగి నీడలు నల్లగా మూసుకుపోతాయి. ఇక జోడీ అన్నాక రెండింటికీ ఒకే ఎక్స్‌పోజర్ ఉండాలి, ఒకే రీలు మీద తీసి కలిపి కడగాలి. ఒకటి కాస్త పైకి జరిగితే కళ్లు లాగేస్తాయి. ఎడమ, కుడి తారుమారైతే లోతే తిరగబడుతుంది, రామగుండం ఓపెన్‌కాస్ట్ గుంత గుట్టలా లేస్తుంది! అదే జోడీని తలకిందుల వరసలో ప్రోగ్రాంకు ఇస్తే, ఎర్రర్ చూపకుండానే చెత్త లెక్క చేతిలో పెట్టగలదు.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. 2005 మే 5న ఇస్రో పంపిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కి వంగి ఒకే నేలను రెండుసార్లు తీశాయి. డ్రోన్ సర్వేకైనా సూత్రం అదే.

ఫిల్మ్ కొనమనను. 120 రీలుకు ఆరు జోడీలే వస్తాయి, ఖర్చు దండిగా అవుతుంది. ఫోన్ చాలు. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, పక్కకు జరిగి రెండో ఫొటో తీయండి. ఎంత జరగాలంటే, దూరంలో ముప్పయ్యో వంతు అని ఒక మోటు లెక్క ఉంది. ఎల్గందల్ కోట గోడకు 30 మీటర్ల దూరంలో నిలబడితే ఒక మీటరు. మూడు ఆన్‌లైన్ సర్టిఫికెట్ల కన్నా ఇలాంటి జోడీ ఒకటి, అందులో ఏది కుదరలేదో చెప్పగలిగే నాలుగు మాటలు ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి.

కుంటాల జలపాతం దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. రెండో ఫొటో తీసేలోపు నీళ్లు కదిలిపోతాయి, జోడీ కుదరదు.