బండ లాగుదాం, రండి!

ఈ సంచికలో ప్రేమ మీద కవితలుంటాయి, నిరుద్యోగం మీద వ్యాసాలుంటాయి, అంతరిక్షం మీద ఒకటో రెండో ఉండక తప్పవు. నేను రాయబోతున్నది మాత్రం ఒక పాత కారు టైరు గురించి. నవ్వినా ఫరవాలేదు, చివరిదాకా చదవండి. ఆ టైరును మీలో చాలామంది చూసే ఉంటారు. సాయంత్రం పూట గ్రౌండులో గోడ వెంబడి, ఇసుక బస్తాలు వేసిన టైరును నడుముకు కట్టుకొని లాక్కుంటూ పోయే పిచ్చివాడొకడున్నాడు కదా, వాణ్ణి నేనే.

"ఎందుకురా నీకీ తిప్పలు?" అని అడిగినవాళ్లకు విడివిడిగా చెప్పీ చెప్పీ విసిగాను. అందరికీ కలిపి ఇక్కడే సమాధానం చెప్పుకుంటాను.

మాది పల్నాడులో నల్లరేగడి చేను. మిరప, పత్తి వేస్తాం. నా చిన్నతనంలో మా తాతయ్య గుంటక తోలేటప్పుడు, పాస నేలలోకి దిగటానికి బరువు కావాలని నన్ను గుంటక మీద కూర్చోబెట్టేవాడు. ఎద్దులు లాగేవి, నేను ఊగుతూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఎద్దులు లేవు, తాతయ్యా లేడు. గుంటక మాత్రం కొట్టంలో చూరు కింద తుప్పు పట్టి ఉంది.

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో 50 కిలోల డి.ఏ.పి. బస్తా భుజాన వేసుకొని ఆటో నుంచి కొట్టం దాకా ఆగకుండా పోయేవాణ్ణి. తరువాత ఇక్కడ చేరాను. క్లాసు, లాబు, హాస్టలు, మంచం, చేతిలో సెల్‌ఫోను. రెండేళ్లు గడిచాయి. నిరుడు సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎరువు దిగింది. మొదటి బస్తాకే మోకాళ్లు వణికాయి, రెండోది సగం దారిలో దించేశాను. యాభై దాటిన మా నాన్న వచ్చి దాన్ని ఎత్తుకొని, వెనక్కి తిరక్కుండానే, "చదువు బరువెక్కి ఒళ్లు తేలికైందిరా నీకు" అన్నాడు. ఎగతాళికి అన్నమాట కాదది. అందుకే నాకు బాగా తగిలింది.

ఇది నా ఒక్కడి కథ అయితే సంచికలో చోటు దండగ. కానీ మన హాస్టల్లో సగానికి పైగా పల్లెటూళ్ల పిల్లలమే. వచ్చినప్పటి ఒళ్లు ఎవరికుంది? మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం. కానిస్టేబులు సెలక్షన్లకూ, సైన్యం ర్యాలీలకూ పోయే మిత్రులు రాతపరీక్ష పుస్తకాలు కొంటారు గాని, 1600 మీటర్ల పరుగు గురించి పది రోజుల ముందు తప్ప ఆలోచించరు. వ్యాయామశాల ఉంది కదా అంటారా? ఉంది. ఒక యంత్రానికి తీగ తెగింది. మిగతావాటికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవటమే మనకు మిగిలిన వ్యాయామం.

అలాంటప్పుడు నాకు తట్టింది ఈ బండ. ఇంగ్లీషులో స్లెడ్ అంటారు, మనం లాగుడు బండ అందాం. పాత టైరు అడుగున చెక్క బిగించి, దాని మీద ఇసుక బస్తాలు వేసి, మోకు కట్టి, మంచం నవారు నాలుగు మడతలు పెట్టి నడుము పట్టీ చేసుకున్నాను. నవారు ఇంటిది, టైరు మెకానిక్కు ఊరికే ఇచ్చాడు. మోకుకు, చెక్కకు మాత్రం డబ్బులయ్యాయి. అదీ ఒక సినిమా ఖర్చు దాటలేదు.

సైన్సు విద్యార్థిని గనక లెక్క చెప్పకుండా వదలను. మొత్తం బండ బరువు 60 కిలోలు. మిరప బస్తాలు తూచే వేలాడే కాటాను మోకుకు తగిలించి లాగి చూస్తే, గట్టి మట్టి నేల మీద కదులుతున్నప్పుడు 33 కిలోల దగ్గర చూపింది. అంటే సుమారు 323 న్యూటన్ల బలం. 30 మీటర్లు లాగితే దాదాపు 9,700 జౌళ్ల పని. 30 సెకన్లలో లాగితే 323 వాట్లు. ఒక అశ్వశక్తి 746 వాట్లు కాబట్టి నేను ఇంకా అరగుర్రం కూడా కాలేదు. పదిసార్లు లాగితే 97,000 జౌళ్లు, అనగా 23 కిలోకాలరీలు. మన శరీరం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే పనిగా మారుతుంది గనక, బండ లాగినందుకు ఒంట్లో నుంచి పోయేది 90, 100 కిలోకాలరీలు. హాస్టలు ఇడ్లీలు రెండు! ఈ లెక్క చూసి ఒక మిత్రుడు "ఇంతేనా?" అని పెదవి విరిచాడు. పట్టీ నడుముకు కట్టి పంపించాను. ఆరోసారికి గోడ పట్టుకొని నిలబడి "చాల్లే" అన్నాడు. ఒళ్లు కరిగించటానికి కాదు, ఒళ్లు గట్టిపడటానికీ, గుండెకు దమ్ము రావటానికీ ఇది పనికొస్తుంది.

ఎందుకు పనికొస్తుందో కూడా చెప్పాలి. బస్తా ఎత్తేటప్పుడు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది, మెల్లగా దించేటప్పుడు బరువును ఆపుకొంటూ సాగుతుంది. కొత్తగా వ్యాయామం మొదలెట్టినవాళ్లకు మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పులకు ఎక్కువ కారణం ఈ రెండోదే. బండ లాగటంలో దించే పనే దాదాపు లేదు. నువ్వు ఆగితే అదీ ఆగుతుంది. మీద పడదు, చెయ్యి జారదు, పక్కన పట్టుకునే మనిషి అక్కర్లేదు. అందువల్ల మర్నాడు లాబులో మూడు గంటలు నిలబడగలం. కాళ్లు, పిరుదులు, నడుము, ఊపిరి అన్నీ ఒక్కసారే పనిలోకి వస్తాయి. వెనక్కి నడుస్తూ లాగితే తొడల ముందు కండరాల మీద భారం పడుతుంది. ఒకచోట నిలబడి చేతులు మార్చుకుంటూ మోకును గుంజితే చేతులకూ, వీపుకూ పని.

అన్నిటికీ ఇదే మందు అనటం లేదు. బరువు దించే పని వల్ల కండరానికి కలిగే లాభం ఇందులో రాదు గనక, దండీలూ బస్కీలూ దీని పక్కన ఉండవలసిందే.

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో లూయీ సిమన్స్ అనే పేరుమోసిన పవర్‌లిఫ్టింగ్ శిక్షకుడుండేవాడు. 2022లో మరణించాడు. ఫిన్లాండులో అడవి పనివాళ్లు చెట్ల మొద్దులు లాగి లాగి బలవంతులైన సంగతి విని, తన శిష్యుల చేత ఈ బండలు లాగించాడు. పరుగు పందేలవాళ్లకు శిక్షకులు చాలాకాలం శరీర బరువులో పదో వంతు దగ్గరే ఆగమనేవారు. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో ఫుట్‌బాల్ ఆటగాళ్ల చేత వాళ్ల బరువులో 80 శాతం బండకు కట్టి పరుగు సాధన చేయించారు. కొద్దిమందితో చేసిందే అయినా, నేలను వెనక్కు తన్నే బలం వాళ్లకు పెరిగింది. అక్కడి కూలివాళ్ల పని అలా శాస్త్రమైంది. మన గుంటక తుప్పు పడుతోంది.

ఇంతవరకూ రాసి ఆపేస్తే బాగానే ఉండేది. కానీ ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు మా నాన్న అన్న రెండో మాట ఒకటుంది. "ఏరా, లాగలేక చస్తున్నామనే గదా ట్రాక్టరు తెచ్చుకుంది. నువ్వు పట్నం పోయి చదువుకుంది ఎద్దువి కావటానికా?"

మిత్రులారా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మిమ్మల్ని బండ లాగమనే హక్కు నాకు లేదు. వారం రోజులు ఆలోచించాను.

మా వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూడనివారుండరు. ఒంగోలు జాతి ఎడ్లను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును బట్టి విడదీసి, వయసుకు తగ్గ బండ కడతారు. పెట్టిన గడువులో ఎన్ని అడుగులు లాగితే అదే లెక్క. పోటీ జతకు ఉడికించిన ఉలవలు, రోజూ కొలిచి చేయించే సాధన, తరువాత ఒళ్లు రుద్దటం, విశ్రాంతి. నిగనిగలాడుతూ కొండల్లా ఉంటాయి. మా తాతయ్య ఎడ్లూ లాగినవే, జీవితమంతా. కానీ వాటికి దక్కింది చొప్ప. వాటి మెడ మీద కాయలు కాచిన మచ్చలు నాకింకా గుర్తు. లాగటం రెండుచోట్లా ఒకటే. ఒకటి పెరిగింది, ఒకటి అరిగింది. తేడా ఎక్కడొచ్చింది? కొలతలో, తిండిలో, విశ్రాంతిలో.

మనుషులకూ అంతే. ఎండలో రోజంతా వంగి మిరపకాయలు కోసే మా అమ్మతో "నీకు మంచి వ్యాయామం అవుతోందమ్మా" అని చెప్పేవాడు మూర్ఖుడు. ఆమె నడుం నొప్పికి ఆ పనే కారణం. ఎంత చెయ్యాలో ఆమె చేతిలో లేదు, ఎప్పుడు ఆపాలో ఆమె చేతిలో లేదు. నా బండ మీద ఎంత ఇసుక వెయ్యాలో నేను నిర్ణయించుకుంటాను, చాలనుకున్నప్పుడు పట్టీ విప్పేస్తాను. చర్నాకోల లేని చోట లాగినవాడు ఎద్దు కాడు. పోటీ ఎద్దుకు కూడా ఈ స్వాతంత్ర్యం లేదు, దాని వీపు మీద కర్ర పడుతూనే ఉంటుంది.

కాబట్టి మా నాన్నకు నా జవాబు ఇది: నీ కష్టాన్ని నేను ఆటగా చేసి ఎగతాళి చెయ్యటం లేదు నాన్నా. నిన్ను అరగదీసిన పనిలో నుంచి కొలతా విశ్రాంతీ ఉన్న ముక్కను వేరు చేసి తీసుకుంటున్నాను. చదువు వల్ల వచ్చిన తెలివి ఆ మాత్రమన్నా పనికిరాకపోతే ఎలా?

ఇక ఆడపిల్లల సంగతి. ఒకరోజు బాటనీ క్లాసు అమ్మాయిలు నలుగురు వచ్చి "మీ బండ మాకూ ఇస్తారా?" అని అడిగారు. చూసేవాళ్లు ఈలలు వేశారు. రెండు వారాలు తిరక్కుండా వాళ్లలో ఒకామె 40 కిలోల బండను మధ్యలో ఆగకుండా అవతలి గోడదాకా లాగింది. ఈలలు వాటంతట అవే ఆగిపోయాయి. ఇందులో వింతేమీ లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. మన రాష్ట్రం పిల్ల.

మొదలుపెట్టాలనుకునేవారికి నాలుగు మాటలు. మొదట 20 కిలోలు చాలు. నడక చెదరకుండా 30 మీటర్లు పోగలగాలి. ముందుకు కొద్దిగా వాలండి, వీపు వంచకండి, చిన్న అడుగులు వెయ్యండి. ఆరుసార్లు లాగి, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగండి. వారానికి రెండు రోజులు చాలు. రెండు వారాలకొకసారి 5 కిలోలు పెంచండి. నేల మారితే ఘర్షణ మారుతుంది గనక పుస్తకంలో బరువుతో పాటు నేల సంగతి కూడా రాసుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు. గుండె జబ్బో, మోకాలి దెబ్బో ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా పట్టీ కట్టవద్దు. అన్నిటికంటే కష్టం మొదటి అడుగే. నిలిచి ఉన్న వస్తువును కదిలించటానికి కావలసిన బలం, కదిలేదాన్ని నడిపించటానికి కావలసిన దానికంటే ఎక్కువని ఫిజిక్సు పుస్తకంలో చదివాం కదా. అది నడుముకు తెలిసినప్పుడే నిజంగా అర్థమైంది నాకు.

సంక్రాంతికి ముందు మా నాన్న ఫీజు కట్టటానికి వచ్చాడు. గ్రౌండుకు తీసుకుపోయి బండ చూపించాను. చుట్టూ తిరిగి చూశాడు. "ముడి ఇట్టా వేస్తే జారుద్దిరా" అని మోకు విప్పి, కాడికి వేసే ముడి వేసి బిగించాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ ముడి ఇప్పటికీ వదులవలేదు.

చివరగా, కొత్తగా ఎన్నికయ్యే విద్యార్థి సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి: వచ్చే ఏడు ఆటల నిధిలో నుంచి రెండు బండలు చేయించి, గ్రౌండు పక్కన 30 మీటర్ల గీత గీయించండి. తాళం మాత్రం వెయ్యకండి. రెండు: సాయంత్రాలు ఒక గంట అమ్మాయిలకు ప్రత్యేకించండి. బండ లాగినవాళ్లకు మెస్సులో ఒక గుడ్డో, గుప్పెడు ఉడికించిన వేరుశనక్కాయలో ఇప్పించే ఏర్పాటు చూడండి. తిండి లేకుండా కండ రాదు. మూడు: ఎవరిచేతా శిక్షగా బండ లాగించకూడదని అక్కడే బోర్డు రాయించండి. జూనియర్ల చేత సీనియర్లు లాగించిన రోజున అది మళ్లీ కాడి అవుతుంది.

అధ్యాపకులు కూడా రావచ్చు. వయసును బట్టి ఇసుక తగ్గిస్తాం. రేపు సాయంత్రం ఐదున్నరకు గోడ దగ్గరుంటాను. పట్టీ ఒకటే ఉంది, వంతులు వేసుకుందాం.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి