ఓటీపీ నాన్న ఫోన్‌కు, సంతకం అమ్మది

దేశంలో బడిపిల్లల వివరాలన్నీ ఇప్పుడు యూడైస్ ప్లస్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఉంటాయి. మొదట బడుల లెక్క కోసం పెట్టిన ఈ వ్యవస్థ 2022-23 నుంచి పిల్లలను ఒక్కొక్కరిగా, పేరుతో సహా నమోదు చేసుకుంటోంది. ప్రతి విద్యార్థికీ పెన్ అనే శాశ్వత సంఖ్య వస్తుంది. దానికి తోడు అపార్ అనే 12 అంకెల మరో గుర్తింపు వచ్చింది. మార్కులు, సర్టిఫికెట్లు, బడి మారిన వివరాలు అన్నీ జీవితాంతం ఒకేచోట దొరకాలన్నది దీని ఉద్దేశం. ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి లేదు. ఈ పని మోయాల్సింది ఎవరన్నదే చిక్కు. కాగితం మీద ఇది బడి పని. హైదరాబాద్ పాతబస్తీలో మాత్రం ఇది తల్లి పని.

బడి మారడమే చూడండి. పాతబస్తీలో కిరాయి ఇళ్లవాళ్లు ఎక్కువ. కిరాయి పెరిగితే యాకుత్‌పురా నుంచి తలాబ్‌కట్టకు, అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట వైపు సామాను కదులుతుంది. దాంతోపాటు పిల్లల బడీ మారుతుంది. పాత బడివాళ్లు పోర్టల్‌లో ఆ పిల్ల పేరు ఎదురుగా 'టీసీ ఇచ్చాం' అని నమోదు చేస్తేనే ఆ పేరు డ్రాప్‌బాక్స్‌లోకి వెళ్తుంది. కొత్త బడివాళ్లు అక్కడి నుంచి తీసుకోవాలి. పాత బడిలో రెండు నెలల ఫీజు బాకీ ఉంటే ఈ ఒక్క క్లిక్కు ఆగిపోతుంది. పిల్ల కొత్త బడిలో కూర్చుని పాఠాలు వింటూ ఉంటుంది, పోర్టల్‌లో మాత్రం పాత బడిలోనే చదువుతూ ఉంటుంది. కొత్త బడి 'రిలీజ్ రిక్వెస్ట్' పంపవచ్చు. అది కదలాలంటే ఎవరో ఒకరు వెంటపడాలి. ఆ ఎవరో తల్లే.

చట్టం ఇలా చెప్పలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే పిల్లలకు టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు; టీసీ ఇవ్వడంలో జాప్యం చేసే హెడ్మాస్టరు మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు. పద్నాలుగో సెక్షన్ వయసు రుజువు లేదని ఏ పిల్లనూ తిప్పి పంపకూడదంటుంది. ఆధార్ విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పులో బడి ప్రవేశానికి దాన్ని తప్పనిసరి చేయరాదని స్పష్టం చేసింది. అపార్ కూడా తల్లిదండ్రుల అంగీకారంతోనే అని కేంద్ర విద్యాశాఖే అంటోంది. కానీ బడికి పైనుంచి వచ్చే ప్రశ్న 'ఎంత శాతం పూర్తయింది' అన్నదే. చట్టం ఇచ్చిన వెసులుబాటును పోర్టల్‌లోని ఖాళీ గడి మింగేస్తోంది. గడి నిండకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు, దానితో వాదించడానికి ఎదురుగా మనిషి ఉండడు.

అపార్‌కు బడి రికార్డులోని పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో కలవాలి. పాతబస్తీలో ఇది ఎంత పెద్ద మెలికో చూడాలంటే ఒక్క పేరు చాలు. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో 'మొహమ్మద్', ఆధార్‌లో 'ఎండీ', బడి రిజిస్టరులో ఇంగ్లిష్ నాలుగక్షరాల పొట్టి రూపం. ముగ్గురూ ఒక్క పిల్లాడే. ఆడపిల్లల సంగతి ఇంకో రకం. బేగం, ఫాతిమా, సుల్తానా వంటివి పేరులో భాగాలే తప్ప ఇంటిపేర్లు కావు. తండ్రి పేరు చివర ఉన్నది కూతురి పేరు చివర ఉండదు. తెలుగు ఇళ్లలోనూ ఇనీషియల్ గోల ఉంది. ఒకచోట 'కె', మరోచోట పూర్తి ఇంటిపేరు ఉంటుంది. కాకపోతే ఆ సంగతి తెలిసిన గుమాస్తా ఊరూరా దొరుకుతాడు. ఉర్దూ పేర్ల పద్ధతి తెలిసినవాడు కంప్యూటర్ ముందు కూర్చోవడం అరుదు.

దిద్దుకోవడానికీ హద్దులున్నాయి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. ఆధార్ సెంటర్‌లో తొందరలో ఒక అక్షరం తప్పు కొడితే ఆ రెండు అవకాశాల్లో ఒకటి అయిపోయినట్టే. పిల్లలకు ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేను నిండాక మరోసారి వేలిముద్రలు, కనుపాపలు కొత్తగా ఇవ్వాలి. అంటే ఒకటో తరగతిలో ఒక గండం, పదో తరగతి దగ్గర మరో గండం. లక్క గాజులకు రంగురాళ్లు అద్దుతూ, జర్దోసీ పని చేస్తూ ఇంట్లోనే రోజుకూలీ సంపాదించే తల్లికి ఆధార్ సెంటర్ లైనులో గడిచిన పూట కూలీ లేని పూటే. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజులు చేసే చేతికి సెలవు మాత్రం రాలేదు.

అసలు ముడి ఓటీపీ దగ్గర పడుతుంది. ఆన్‌లైన్ దరఖాస్తుకైనా, డిజీలాకర్‌కైనా, మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికైనా ఒక మొబైల్ నంబరు కావాలి. కుటుంబం తరఫున ఎక్కించింది చాలాసార్లు తండ్రి నంబరు. ఆ తండ్రి జిద్దాలోనో, రియాద్‌లోనో డ్రైవరుగా ఉంటే ఇక్కడి సిమ్ అక్కడ మోగదు. తొంభై రోజులు వాడని నంబరును కంపెనీ మూసేయవచ్చు, కొన్నాళ్లకు మరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు పిల్ల చదువు తాళంచెవి ముక్కూముఖం తెలియని మనిషి జేబులోకి చేరుతుంది. తల్లి వేసిన సంతకం చెల్లుతుంది గానీ ఆమె ఫోన్ నంబరు చెల్లదు. నమోదు రోజునే ఇద్దరి నంబర్లూ తీసుకుంటే తీరిపోయే పనిని రెండు దేశాల మధ్య నడిపిస్తున్నారు.

ఈ భారం పాతబస్తీ మీద ఎక్కువగా పడటానికి అక్కడి బడుల తీరూ కారణమే. 2000 జనవరిలో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ టూలీ వేరే పని మీద హైదరాబాద్ వచ్చి, సెలవు రోజున చార్మినార్ వెనక గల్లీల్లో తిరిగారు. ఇళ్ల మేడల మీద, షెడ్లలో నడుస్తున్న చిన్న ప్రైవేటు బడులు వరుసగా కనిపించాయి. తర్వాత ఆయన బృందం చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండలాల్లో గల్లీ గల్లీ తిరిగి 918 బడులను లెక్కించింది. అందులో ప్రభుత్వానివి దాదాపు మూడో వంతు, ఎయిడ్ లేని ప్రైవేటువి దాదాపు 60 శాతం. పిల్లల్లో సుమారు 65 శాతం ఈ ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. పేదలకు ప్రైవేటు బడే మేలని టూలీ ఇచ్చిన తీర్పు మీద వాదం ఇంకా నడుస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ప్రైవేటు బడికి మారిన పిల్లలకు తెలుగు, లెక్కల్లో అదనంగా ఒరిగింది లేదు. హిందీలో మాత్రం ముందున్నారు. ఒక్కో పిల్ల మీద ప్రైవేటు బడి పెట్టే ఖర్చేమో ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ.

తల్లిదండ్రులు చిన్న బడిని ఎంచుకోవడానికి కారణాలు పరిశోధన చెప్పక్కర్లేదు. బడి గల్లీలోనే ఉంటుంది, ఆడపిల్ల రోడ్డు దాటక్కర్లేదు, బోర్డు మీద ఇంగ్లిష్ మీడియం అని ఉంటుంది, ఉర్దూ, దీనియాత్ (మత పాఠాలు) కూడా చెబుతారు. పక్కనున్న ప్రభుత్వ బడి అద్దె ఇంట్లో, రెండు మూడు బడులు ఒకే ఆవరణలో నడిచే పరిస్థితి ఉంటే ఎంపిక ఇంకా తేలిక. ఉర్దూ మీడియం టీచరు పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవి ఉర్దూ చదివిన అభ్యర్థులు లేక ఏళ్ల తరబడి ఖాళీగా మిగులుతున్నాయి. ఎవరి హక్కూ పోకుండా దీన్ని సరిచేయడం ప్రభుత్వానికి తెలియని విద్యేమీ కాదు. 2016లో 71 బడులతో మొదలై 204కు చేరిన మైనారిటీ గురుకులాలు ఉచితమే, ఇంగ్లిష్ మీడియమే. వాటి దరఖాస్తూ ఆన్‌లైనే. పైగా పదేళ్ల ఆడపిల్లను హాస్టల్లో దింపి రావడానికి అన్ని ఇళ్లూ సిద్ధంగా లేవు.

భాష ఈ మూటను ఇంకాస్త బరువు చేస్తోంది. ఇంట్లో మాట దక్కనీ ఉర్దూ. 2018లో వచ్చిన చట్టంతో రాష్ట్రంలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు తప్పనిసరి అయింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఇన్ని భాషల్లో బడి వాట్సాప్ గ్రూపుకు చేరేది ఇంగ్లిష్ ఒక్కటే. మిస్ పంపిన పీడీఎఫ్‌ను తల్లి తెరవదు, తెరిచినా చదవలేదు. పెద్దకూతురు వచ్చాక "బేటా, జర పఢ్‌కే బోల్" అని ఫోను చేతికిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఇంటికి గుమాస్తా అవుతుంది. అనుభవమున్న టీచర్లు ఈ సంగతి కనిపెట్టి, ముఖ్యమైన కబురును వాయిస్ మెసేజ్‌గా పంపుతున్నారు. మొత్తం విద్యా సాంకేతికతలో పాతబస్తీ తల్లికి సూటిగా పనికొచ్చిన వస్తువు బహుశా ఆ అరనిమిషం ఆడియోనే.

ఆ ఫోను పిల్లల చేతికి వచ్చింది బడి ద్వారానే అన్నది మరిచిపోకూడదు. కరోనాతో బడులు మూతపడ్డాక 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి; ప్రైవేటు బడులు నేరుగా ఫోన్ మీదకు వెళ్లాయి. ఒకే ఫోను, ముగ్గురు పిల్లలు, ఒకే వేళ క్లాసులు. అప్పు చేసి రెండో ఫోను కొన్న ఇళ్లు ఎన్నో. క్లాసులు అయిపోయాయి, ఫోను మిగిలింది. ఇప్పుడు 'పిల్లలకు ఫోను ఇవ్వకండి' అని సమావేశంలో హితబోధ చేసే బడే సాయంత్రం హోంవర్కును ఫోన్‌కే పంపుతుంది.

పిల్లలను ఫోనుకు దూరంగా ఉంచే పనిని కొన్ని దేశాలు తల్లిదండ్రుల మీద మాత్రమే వదలడం లేదు. బ్రెజిల్ 2025 జనవరిలో బడిలో ఫోన్ వాడకాన్ని చట్టంతో కట్టడి చేసింది. 16 ఏళ్లలోపు పిల్లల సోషల్ మీడియా ఖాతాలను ఆపే బాధ్యతను ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి కంపెనీల మీద పెట్టింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత అంగీకారం అడుగుతుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. చదువు, భద్రత పేరుతో పిల్లల కదలికలను గమనించే విద్యాసంస్థలకు మినహాయింపూ ఇచ్చారు. తల్లి అంగీకారం ఎలా నిర్ధారిస్తారు? మళ్లీ ఓటీపీతోనే కదా. కూతురు చదివి చెప్పి, కూతురే నొక్కే 'ఐ అగ్రీ'ని అంగీకారమనడం చట్టం తనను తాను మోసగించుకోవడమే.

ఇవన్నీ అడగడానికి తల్లిదండ్రులకు ఒక వేదిక ఉండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెప్పింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సభ్యుల్లో సగం మహిళలు ఉండాలి. ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఇది వర్తించదు. మైనారిటీ హోదా ఉన్న బడులను సుప్రీంకోర్టు 2014 నాటి ప్రమతి తీర్పు చట్టం మొత్తం నుంచే బయట పెట్టింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టే ఆ తీర్పును విస్తృత ధర్మాసనం మళ్లీ చూడాలని భావించింది. అది తేలేదాకా పాతబస్తీ తల్లిదండ్రుల్లో అధిక సంఖ్యాకులకు చట్టబద్ధంగా కూర్చునే కుర్చీ లేదు. ఫీజుల మీద 1994 నాటి జీవో 1 ఉంది, 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు; గల్లీ బడిలో బాకీకి బదులుగా ఆపిన టీసీ గురించి అడగాల్సిన చోటు మాత్రం ఆ తల్లికి ఎవరూ చూపలేదు.

కావలసినవి మూడు. చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండల విద్యాశాఖ కార్యాలయాల్లో ఉర్దూ చదవగలిగిన ఒక ఉద్యోగికి రికార్డులు దిద్దే అధికారం ఇచ్చి వారంలో కొన్ని రోజులు బస్తీ బడుల్లోనే కూర్చోబెట్టాలి. ప్రవేశం రోజున తల్లి నంబరును మొదటి నంబరుగా నమోదు చేయడం తప్పనిసరి చేయాలి. రిలీజ్ రిక్వెస్ట్‌కు పాత బడి నిర్ణీత గడువులో స్పందించకపోతే పిల్ల పేరు దానంతటదే కొత్త బడికి మారేలా పోర్టల్‌ను సవరించాలి. మొదటి రెండింటికి రాష్ట్ర విద్యాశాఖ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. మూడోదానికి ఢిల్లీకి ఒక లేఖ రాయాలి.