తంగేటి పూతయే మన పుష్పోత్సవము

సంపాదకులవారికి,



బెంగుళూరు లాల్‌బాగునందు గణతంత్ర దినోత్సవ, స్వాతంత్ర్య దినోత్సవముల వేళ ఏటేట జరుగు పుష్పప్రదర్శనమును చూచి వచ్చిన మా సీమవాసులు, రైలు దిగిన మరునాడే, “మన అనంతపురమునకు ఇట్టి భాగ్యమెన్నడు?” అని నిట్టూర్చుట నేను చిరకాలముగా వినుచున్నాను. ఆ ప్రదర్శనమును నేనును పలుమారులు చూచితిని. 1889లో శంకుస్థాపన జరిగిన ఆ గాజుభవనమున, పూలతో తీర్చిన ఆకృతుల యెదుట నిలిచి మనసార ఆనందించితిని. అయినను అట్టి ప్రదర్శనమునే తెచ్చి మన పీఠభూమిపై నిలుపవలెననువారితో నేను ఏకీభవింపజాలను. పుష్పోత్సవము మనకు కావలసినదే. కాని అది మన వానకు, మన నేలపై పూచిన పూవుతో, ఆ పూవు పూచిన చోటనే జరుగవలెను.

వానకాలము ముగియు దినములలో పెనుకొండ కొండ నెక్కి చూచినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. 1565 నాటి తళ్లికోట యుద్ధానంతరము తిరుమలరాయలు రాజధానిగా జేసికొనిన ఆ ఘనగిరిపై, శిథిలమైన కోటగోడల నడుమ నడచి, నరసింహస్వామి గుడి దరి నిలిచి క్రిందికి చూచినచో, నల్లని గుండ్లును, ఎర్రని గరుసునేలయు, వేరుసెనగ చేలును, వాని కావల ఒకదాని వెనుక నొకటిగా నీలివన్నె దాల్చిన గుట్టల వరుసలును కానవచ్చును. ఆ గుండ్ల సందులను, చేనిగట్లను, బాటల యంచులను పట్టి తంగేడు పసుపు ఆరబోసినట్లు విరబూచియుండును. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో పడి, ఏటికి సగటున 552 మిల్లీమీటర్ల వానకు మాత్రమే నోచుకొని, ఆ వానయు అదను తప్పి ఊడలు దిగకముందే వేరుసెనగ వాడిపోవు సీమలో, ఎవరును విత్తక, ఎవరును నీరు పోయక పూచు పూవది. ధనుర్మాసమున మా యాడుబిడ్డలు గుమ్మడి పూవు, బంతి పూవుల సరసను దానిని గొబ్బెమ్మలపై ఉంచుదురు. దాని చెక్కతో తోళ్లు పదును చేసిన కాలమును పెద్దలెరుగుదురు. అట్టిదానిని మనము పొలము గట్టున పెరిగిన కంపగా మాత్రమే చూచుట న్యాయమా?

పొరుగువారు దాని విలువ నెరిగిరి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014లోనే తంగేడును రాష్ట్రపుష్పముగను, ఆ పూవును పేర్చి ఆడు బతుకమ్మను రాష్ట్రపండుగగను ప్రకటించిరి. ఇక మహారాష్ట్రమున సాతారా చెంతనున్న కాస్ పీఠభూమి సంగతి మనకు మరింత మేలుబంతి. మన్ను పలుచనై రాతిపొర పైకి తేలిన ఆ నేలపై వానలు పడినపుడు తమంత తాము పూచు చిన్నచిన్న పూవులను చూచుటకు జనులు దూరదేశములనుండి వత్తురు. ఆ కాస్ నేల పశ్చిమ కనుమలలో భాగముగా 2012లో ప్రపంచ వారసత్వ స్థానమైనది. అచట కుండీలు లేవు, తోరణములు లేవు. ఉన్నది రాయి, వాన, పూవు. ఆ మూడును మనకును గలవు.

జనసమ్మర్దము వలన పూవులే నశించునని కొందరు శంకింతురు. ఆ శంక నిరాధారము కాదు. అరకు లోయలో వలిసెలు పూచు కాలమున ఛాయాచిత్రముల కొరకు చేలలోనికి దిగువారివలన గిరిజన రైతుల పైరు త్రొక్కుడు పడుచున్నది. అయితే, కాస్‌లో దినమునకు ఇంతమందియే యని నియమించి, రుసుము గైకొని, బాటలు వేసి ఆ యపాయమును అదుపులో నుంచిరి. నియమముతో గూడిన ఉత్సవము పూవునకు చేటు కాదు, రక్షయే యగును. చూడవచ్చువారు లేని గుట్టను కంకర కొరకు పగులగొట్టుట సులభము. ఏటేట వేలాది కన్నులు చూచి మెచ్చిన గుట్టపై యంత్రమును దింపుట అంత సులభము కాదు.

మరియొక మాట. వేసవిలో నీటి ట్యాంకరు కొరకు స్త్రీలు బిందెలు వరుస పెట్టి వేచియుండు ఊళ్లు గల సీమలో, దూరమునుండి తెచ్చిన కుండీలకు దినదినము నీరు పోసి వారము దినములు ప్రదర్శించి పారవేయుట నా మనస్సునకు సమ్మతము కాదు. పూవులకై వ్యయింపదలచిన ధనముతో కొండదిగువన ఒక పూలసంత నెలకొల్పి, ధర పడిపోయిన దినమున బంతిని, చేమంతిని రోడ్డు ప్రక్కన పారబోసికొను మన రైతులు నేరుగా అమ్ముకొనుటకు అవకాశము కల్పింతురు గాక.

కావున జిల్లా యధికారులకు నా విన్నపము లివి: తంగేడు పూచు ఋతువున ఒక వారమును పెనుకొండ పుష్పోత్సవముగా నిర్ణయింపుడు, కొండబాటను బాగుచేయించి, పూవు కోయరాదని శాసింపుడు, పాఠశాలల బాలబాలికలను తోడ్కొని వచ్చి, గుట్టపై మొలచు ప్రతి మొక్కకు మన పల్లెలు పెట్టుకొన్న పేరును పెద్దలచేత చెప్పింపుడు. సమీపమున లేపాక్షిలో ఉత్సవములు జరిపిన ప్రభుత్వమునకు ఇది మించిన పని కాదు. ఆ లేపాక్షి లతామండప స్తంభములపై చెక్కిన తీగెలును పూవులును నేటికిని చీరెలపై నేయబడుచున్నవి. రాతిపై పూవును గౌరవించిన మనము, రాతిసందున ప్రాణముతో నిలిచిన పూవును గౌరవింపకుండుట తగదు.

పాఠకులారా, ప్రభుత్వము నిర్ణయించువరకు వేచియుండ నక్కరలేదు. ఈ యేడు వానలు వెనుకపట్టిన పిదప, ఒక ఆదివారము తెల్లవారుజామున పిల్లలతో గూడ పెనుకొండ యెక్కుడు, చూచి రండు, పూవును మాత్రము కొమ్మనే యుండనిండు.

ఇట్లు,
పెనుకొండ ప్రాంత పాఠకుడొకడు