చిత్రకారుని పేరు, చిత్రమందలి మనిషి పేరు

అజ్ఞాతభూముల నన్వేషింప వెడలిన నౌకలలో చిత్రకారులను గూడ వెంటగొనిపోవుట పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపావారికి ఆచారమయ్యెను. 1768లో కెప్టెన్ కుక్ ‘ఎండీవర్’ నౌకపై పయనమైనపుడు, వృక్షశాస్త్రజ్ఞుడైన జోసెఫ్ బ్యాంక్స్ కొలువున చేరి ఆ నౌక నెక్కిన సిడ్నీ పార్కిన్సన్ అను ఎడిన్‌బరో యువకుడు, తోడి చిత్రకారుడు తాహితిలో మరణింపగా అతని పనియు తానే తలకెత్తుకొని, మొక్కల చిత్రములే తొమ్మిదివందలకు పైగా గీసి, బటావియా రేవు విడిచిన పిదప 1771 జనవరిలో నడిసముద్రమున వ్యాధిగ్రస్తుడై కన్నుమూసెను. అదే నౌకలో తుపాయియా అను పాలినీషియా ద్వీపవాసి యొకడుండెను. అతడు పురోహితుడు, నక్షత్రముల జాడబట్టి ఓడ నడుపగల నావికుడు, పైగా చిత్రలేఖకుడు. పార్కిన్సన్ పేరు చరిత్రలో నిలిచెను; తుపాయియా చిత్రములు మాత్రము రెండు శతాబ్దములకు మించి కర్త యెవరో తెలియనివిగనే చెలామణియై, బ్యాంక్స్ వ్రాసిన యొక లేఖ 1997లో వెలుగుచూచిన పిమ్మట గాని అతని పేరిట చేరలేదు.

ఇట్టి అన్యాయము దూరసముద్రములకే పరిమితమైనది కాదు. ఆదిలాబాదు అడవులలోను అట్టి దొకటి మిగిలియున్నది. దానిని సరిదిద్దుకొను గడువు మాత్రము నానాటికి తరిగిపోవుచున్నది.

1909లో వియన్నాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, రెండవ ప్రపంచయుద్ధ మారంభమైన వేళ జర్మను పాస్‌పోర్టుతో భారతదేశమున నుండుటచే శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానము దాటి పోరాదను కట్టడికి లోనయ్యెను. ఆ నిర్బంధమే మన ప్రాంతమునకు వరమైనది. నల్లమల చెంచులను, గోదావరీతీరపు కొండరెడ్లను పరిశీలించి, నైజాము ప్రభుత్వముపై తిరుగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరగిన తరువాతి గడ్డుకాలమున హైమన్‌డార్ఫ్ తన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో గూడి మార్లవాయి గూడెము చేరి, గోండులనడుమ కాపురముండి, వారి పెండ్లిండ్లను, దండారి ఆటలను, దేవతల కొలుపులను కెమెరాకెక్కించెను. 1943లో గోండు పిల్లల విద్యాపథక మచ్చటనే మొదలయ్యెను. నేటికిని కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొర లాలకించు దర్బారు ఆయన కాలమున పాదుకొన్నదే. బెట్టీయు వట్టి సహధర్మచారిణి కాదు, దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచికను సంకలించిన విదుషి. 1987లో ఆమె మరణింపగా మార్లవాయిలోనే సమాధి వెలసెను. 1995లో లండనులో గతించిన హైమన్‌డార్ఫ్ అస్థికలును 2012లో ఆ చెంతకే చేరినవి. పాలకులు పంపిన పరిశోధకుని ఊరివారు ఇంతగా తమవానిగా చేసికొనుట అరుదు.

అయినను ఆయన తీసిన ఛాయాచిత్రములు, చలనచిత్రములు, దినచర్యలు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనశాలలో భద్రమైయున్నవి. 1948లో వెలువడిన ఆయన రాజ్‌గోండుల గ్రంథము గోండుల పురాణగాథలకు ఆకరమై నిలిచినది. కాని ఆ గాథలను కిక్రీ అను తంత్రీవాద్యమును వాయించుచు తరతరములుగా కంఠస్థముగా కాపాడినవారు ప్రధాన్ గాయకులు. వారు పాడనిదే ఆయనకు వ్రాయుటకేమి యుండును? గ్రంథకర్త పేరు లోకమెరుగును; గాయకుల పేర్లు వెదకికొనవలసియున్నది. గోండుల గుస్సాడి ఆటకు జీవితము ధారపోసిన మార్లవాయి వాసి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ లభించినప్పుడు మనమెల్లరము హర్షించితిమి. 2024లో ఆయనయు కాలధర్మము చెందిరి. అట్టి పెద్దలు ఒక్కొక్కరే దాటిపోవుచుండ, పాత చిత్రములందలి ముఖములను చూచి ‘ఈతడు మా తాత, ఈమె మా మేనత్త’ అని చెప్పగలవా రింకెందరు మిగులుదురు?

ఆ చిత్రములు అంతర్జాలమున నున్నవిగదా, కోరినవారు చూచుకొనవచ్చుగదా యని కొంద రనవచ్చును. ఆంగ్లమున వెదకి, సంఖ్యలతో కూడిన పట్టికలను దాటి పోవలసిన ఆ భాండారము జైనూరు గూడెములలోని వృద్ధునికి అందినట్లెట్లగును? నైజాము కొలువున నున్నవాని కెమెరా కూడ పాలకుల కన్నేగదా, దాని నింతగా గౌరవింపనేల యని మరికొంద రాక్షేపింపవచ్చును. ఆ మాటలో సత్యము లేకపోలేదు. భీం తిరుగుబాటుతో ఉలికిపడిన ప్రభుత్వము గోండుల బాధ లెరుగదలచియే ఆయన నచ్చటికి పంపినది. కాని పాలకుల కొరకు తీసిన చిత్రమున గోండు వట్టి గోండుగా, ఒక తెగకు మచ్చుగా మాత్రమే కనబడును. మనుమడు గుర్తుపట్టి పేరు చెప్పిననాడు అదే చిత్ర మొక యింటి చరిత్ర యగును. కావున ఆక్షేపణము నిజమైనకొలదియు పేర్లు వ్రాయించు నావశ్యకత హెచ్చునే గాని తగ్గదు.

చేయవలసినది పెద్ద వ్యయముతో గూడినదియు కాదు. ఉట్నూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థయు, హైదరాబాదులోని గిరిజన సంస్కృతి పరిశోధన సంస్థయు కలిసి లండను భాండారమునుండి ఆదిలాబాదు చిత్రముల ప్రతులను తెప్పించి, పుష్య అమావాస్యకు నాగోబా సన్నిధికి మెస్రం వంశీయులు తరలివచ్చు వేళ కేస్లాపూర్‌లో ప్రదర్శింపవలెను. ప్రతి చిత్రముకడ గోండీ తెలిసిన యువకు నొకని నిలిపి, పెద్దలు చెప్పిన పేరు, ఊరు, వంశము వ్రాయించి, ఆ వివరములను మార్లవాయి, జోడేఘాట్ స్మారకములందును, లండను పట్టికలందును చేర్పించవలెను. తుపాయియాకు న్యాయము చేయుటకు పాతలేఖ యొకటి దొరకువరకు లోకము వేచియుండవలసివచ్చెను; మనకు లేఖతో పనిలేదు, సాక్షు లింకను సజీవులై యున్నారు. వచ్చు జాతరకే ఈ పని మొదలుపెట్టుట ప్రభుత్వపు విధి.