శవాల లెక్క సరే, తూటాల లెక్క ఏది?

బస్తర్ నుంచి వచ్చే ఎన్‌కౌంటర్ వార్తల్లో సాధారణంగా మూడు లెక్కలు కనిపిస్తాయి: ఎంతమంది చనిపోయారు, ఎన్ని ఆయుధాలు దొరికాయి, చనిపోయిన వారి తలలపై ఎంత రివార్డు ఉంది. ఎవరి తుపాకీ నుంచి ఎన్ని తూటాలు పేలాయన్న లెక్క మాత్రం కనిపించదు. "ఎదురుకాల్పులు" అన్న మాట నిజమో కాదో తేల్చడానికి ముందుగా కావలసింది ఆ లెక్కే.

2013 మే 17 రాత్రి బీజాపూర్ జిల్లా ఎడెస్‌మెట్టలో బీజ్ పండుమ్ కోసం ఆదివాసీలు నిప్పు చుట్టూ చేరారు. బలగాల కాల్పుల్లో నలుగురు మైనర్లు సహా ఎనిమిది మంది గ్రామస్తులు చనిపోయారు. ఒక కోబ్రా కానిస్టేబుల్ కూడా చనిపోయాడు. ఇది మావోయిస్టులతో ఎదురుకాల్పులు అన్నారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తూటాలు లెక్కపెట్టింది. పేలినవి 44. అందులో 18 చనిపోయిన ఆ కానిస్టేబుల్ తుపాకీవే. బలగాలు భయంతో కాల్చి ఉండవచ్చనీ, ఆత్మరక్షణ వాదన నిలవదనీ కమిషన్ చెప్పింది. "భీకర కాల్పులు" అని చదివి అలవాటుపడిన మనకు 44 చిన్న సంఖ్యే. అది అసెంబ్లీ ముందుకు రావడానికి 2022 మార్చి దాకా పట్టింది.

అదే జిల్లా సర్కెగూడలో 2012 జూన్ 28 రాత్రి మొదలైన కాల్పుల్లో 17 మంది గ్రామస్తులు చనిపోయారు. అక్కడా విచారించింది జస్టిస్ అగర్వాలే. గ్రామస్తులు కాల్చినట్టు ఆధారం లేదనీ, జవాన్ల గాయాలు తోటి జవాన్ల తూటాల వల్ల అయి ఉండవచ్చనీ తేల్చారు. ఆ నివేదిక 2019 చివర్లో బయటికొచ్చింది.

ఇది అడవికే పరిమితం కాదు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్లో ఇద్దరు పిస్టళ్లు లాక్కుని కాల్చారని మన పోలీసులు చెప్పారు. ఆ కథను నమ్మలేమని సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది.

అడవిలో, చీకట్లో తూటాలు ఎవరు లెక్కపెడతారని అడుగుతారు. చీకట్లో ఎవరూ లెక్కపెట్టనక్కర్లేదు. ఆయుధాగారం నుంచి జవానుకు ఇచ్చే తూటాలకు రిజిస్టరు ఉంటుంది. తిరిగొచ్చాక మిగిలినవి అప్పగించాలి. తీసివేత చేస్తే చాలు. ఎన్‌కౌంటర్ మరణాల్లో పోలీసుల ఆయుధాలను బాలిస్టిక్ పరీక్షకు అప్పగించాలని 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టే ఆదేశించింది. ముగిసిపోయిన ఆపరేషన్‌లో పేలిన తూటాల సంఖ్య దేశ రహస్యం ఎలా అవుతుంది?

ఎడెస్‌మెట్ట, సర్కెగూడ జనం తాము కాల్చలేదని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. పోలీసు ప్రకటన మర్నాటికే వార్త అయింది. ఆదివాసీ మాట నిజం కావడానికి మాత్రం ఒకచోట ఏడేళ్లు, ఇంకోచోట దాదాపు తొమ్మిదేళ్లు, ఒక రిటైర్డ్ జడ్జి కావలసి వచ్చాయి. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీబద్ధ అసమానత సాక్ష్యానికీ వర్తిస్తుంది. ఎవరి నోటి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టే ఇక్కడ మాటకు బరువు.

చనిపోయిన వారంతా నిరాయుధులేనని నా వాదన కాదు. ఆయుధం పట్టిన వాళ్లూ ఉంటారు. అయితే ఎవరు పట్టారో, ఎవరు పట్టలేదో తేల్చేది సాక్ష్యం, ప్రెస్ నోట్ కాదు. ప్రతి ఎన్‌కౌంటర్ తర్వాత తూటాల లెక్క బయటపెట్టాలి. అప్పటిదాకా మన థీసిస్‌లలో, సెమినార్ పేపర్లలో "ఎదురుకాల్పులు" అని రాయొద్దు. "పోలీసుల కథనం ప్రకారం" అని రాద్దాం.